ఇత్తడి నాలుక

నేను ఒక గాలపు రీలును. ఇత్తడిదాన్ని. రీలు మాట్లాడుతుందంటే మీలో సగం మంది నమ్మరని నాకు తెలుసు. నేనూ మిమ్మల్ని నమ్మను కాబట్టి చెల్లుకు చెల్లు. నలభై ఏళ్ళకు పైగా మనుషుల చేతుల్లో తిరిగాను. ఏ బొటనవేలు నా అంచు మీద ఎంత బరువు వేస్తుందో చూసి ఆ మనిషి కడుపులో ఏముందో చెప్పగలనని అనుకునేదాన్ని. ఒకసారి మాత్రం ఘోరంగా పొరబడ్డాను. నాతోపాటు మరో ఇద్దరు పొరబడ్డారు. ఆ సంగతి చెప్పడానికే ఇప్పుడు నోరు విప్పుతున్నాను.

ముందు నా ఆకారం చెబుతాను, లేకపోతే బజారులో దొరికే రీలు అనుకుంటారు. నేను చిన్న సాసరంత ఉంటాను. మధ్యలో ఒక ఉక్కు ఇరుసు, దాని మీద తిరిగే చక్రం, చక్రానికి చుట్టుకున్న తంగూసు దారం. అంతే. లోపల గేర్లు లేవు, బ్రేకులు లేవు. చెయ్యి ఒక చుట్టు తిప్పితే నేనూ ఒక చుట్టే తిరుగుతాను. చేప లాగితే ఆపడానికి మనిషి బొటనవేలు ఒక్కటే దిక్కు. వెనక బిళ్ళ కింద మాత్రం సన్న పళ్ళున్న చక్రం ఒకటి, ఆ పళ్ళకు తగిలే ఇత్తడి నాలుక ఒకటి ఉన్నాయి. చేప ఎర పట్టుకుని పరుగెత్తితే ఆ నాలుక పళ్ళ మీద ఆడి కిర్రుమంటుంది. అదే నా గొంతు.

నన్ను పుట్టించినవాడు జక్రయ్య. ఒక పెద్ద రైల్వే జంక్షనులో, ఆవిరింజన్ల షెడ్డులో లేతు తిప్పే టర్నరు. జంక్షను పేరు చెప్పను, నా జాగ్రత్త నాది. అక్కడ రోజారియో అనే డ్రైవరు దొర దగ్గర ఒక ఇంగ్లీషు రీలు ఉండేదట. జక్రయ్య ఆరు ఆదివారాలు అతని పక్కన కూర్చుని ఆ రీలును కళ్ళతోనే కొలిచాడు. దొరకు అనుమానం వచ్చి రీలు మీద టోపీ బోర్లించాడు. దాంతో పైది చూసి, లోపలిది ఊహించి నన్ను చేయాల్సి వచ్చింది. నేను దొంగచూపుకు పుట్టిన దాన్నని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

పాత సామాన్ల కొట్లో తూకానికి కొన్న చెంబులు కరిగించి నా ఒళ్ళు పోతపోశాడు. పగిలిన బడిగంట ముక్క ఒకటి దొరికితే దాన్ని అరగదీసి నాలుక చేశాడు. రెండు నెలలపాటు రోజూ భోజనాల వేళ లేతు మీద నన్ను తిప్పాడు. ఎవరి బూట్ల చప్పుడు వినిపించినా నా మీద మసిగుడ్డ పడేది. ఒకసారి గుడ్డ తీయడం మరిచి మధ్యాహ్నమంతా చీకట్లోనే ఉంచాడు. అలా పెరిగిన దానికి లోకం మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?

నన్ను చేసింది తన కోసం కాదు. జక్రయ్యకు చేపలు పట్టే ఓపిక లేదు, తినే ఓపిక ఉంది. బాయిలరు షాపులో పనిచేసే సారంగపాణి అతని ప్రాణస్నేహితుడు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. సారంగపాణి భార్య అనసూర్యను జక్రయ్య చెల్లె అనేవాడు, ఆమె అతన్ని అన్నా అనేది. నన్ను ఒక పాత తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళి సారంగపాణి చేతిలో పెట్టాడు.

"ఎంతియ్యాలె బావా?" అన్నాడు సారంగపాణి, నన్ను ఒకసారి తిప్పి నా పాట విని మురిసిపోతూ.

"పైసలెవడు అడిగిండు? దీనితోని పట్టిన ప్రతి బొచ్చె తలకాయ నాది. మొండెం నువ్వు తిను."

బొచ్చె చేప అంటేనే తలకాయ. చేపలో మూడోవంతు అదే ఉంటుంది, రుచి మొత్తం అందులోనే ఉంటుంది. సారంగపాణి ఒక్క క్షణం తటపటాయించాడు. నేను చూశాను. తర్వాత సరేనన్నాడు. ఆనాటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం మోదుగాకులో చుట్టిన తలకాయ ఒకటి జక్రయ్య ఇంటికి వెళ్ళేది.

మా చెరువును అందరూ ఇంజన్ల చెరువు అనేవారు. ఇంజన్లకు నీళ్ళు పట్టడానికే తవ్విన చెరువు. ఒడ్డున పంపుహౌసు, కూలిన గొట్టాలు. ఆవిరింజన్లు పోయాక ఆ నీళ్ళతో ఎవరికీ పనిలేకపోయింది, చేపలకు తప్ప. బొచ్చెలు, రవ్వలు, బంగారుతీగలు ఎవరి జోలీ లేకుండా బలిశాయి. ఆదివారం పొద్దున్నే ఆరేడుగురు గాలాలతో దిగేవారు. వాళ్ళంత అనుమానపు జాతి ఇంకెక్కడా లేదు. ఎర పిండి కలిపేటప్పుడు ప్రతివాడూ పక్కవాడికి వీపు చూపిస్తాడు. పల్లిచెక్క, తవుడు, మెంతిపొడి అందరూ వేసేవే. ఆ పైన వేసే చిటికెడు దినుసు ఏమిటో పెళ్ళానికి కూడా చెప్పరు. ఒకడైతే సోంపు పొట్లం మీద టీపొడి కాగితం చుట్టి తెచ్చేవాడు.

ఆ ఒడ్డుకు ఒక కట్టుబాటు ఉంది. పక్కవాడి రీలు పాడుతుంటే ఎవరూ నోరెత్తకూడదు. చేప పడిందోయ్ అని పరాయివాడు అంటే దిష్టి తగిలి దారం తెగుతుందని వాళ్ళ నమ్మకం. రీలు మోగితే తల తిప్పి చూస్తారు, అంతే. చూసి మళ్ళీ తమ నీళ్ళ వైపు తిరుగుతారు. ఈ కట్టుబాటే మా కొంప ముంచింది.

సారంగపాణికి బెండు కట్టే అలవాటు లేదు. ఎర అడుగున పడుకోవాలి, కర్ర పంగల పుల్ల మీద ఆనాలి, చూపు ఎక్కడైనా ఉండవచ్చు, చెవి మాత్రం నా మీద ఉండాలి. నేను కిర్రుమనగానే తాగుతున్న టీ వదిలేసి, బీడీ పారేసి, ఒక్క అంగలో వచ్చి నా అంచు మీద బొటనవేలు వేసేవాడు. ఆ వేలి కింద చేప పరుగు, అలసట, ఆగి ఆలోచించడం అన్నీ నాకు ఎంత తెలిసేవో అతనికీ అంతే తెలిసేవి. చైనా రీళ్ళు వచ్చాక కుర్రకారు అతన్ని ఆటపట్టించారు. "అన్నా, గా చెంబును ఇంకెన్నాళ్ళు పట్టుకుంటవ్?" అని అడిగేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వును కూడా నేను అనుమానించాను, లోలోపల కొత్త రీలు మీద మనసు పడ్డాడేమోనని.

ఆ అనుమానం ఊరికే రాలేదు. సారంగపాణి నౌకరీ దిగిన మరుసటి ఏడు నుంచి నన్ను పట్టించుకోవడం మానేశాడు. మొదటిసారి జరిగింది బాగా గుర్తుంది. ఎండాకాలం మొదలు, నీళ్ళు తగ్గి ఉన్నాయి. పెద్ద బొచ్చె ఎర పట్టింది. నేను గొంతు చించుకుని పాడాను. అతను నాకు వీపు పెట్టి ఎర పిండి పిసుకుతున్నాడు. పిసుకుతూనే ఉన్నాడు. దారం సగం ఖాళీ అయింది, చేప గుర్రపుడెక్కలోకి దూరింది, తంగూసు తెగింది. తర్వాత తీరిగ్గా తిరిగి చూసి, వదులుగా వేలాడుతున్న దారాన్ని పట్టుకుని చాలాసేపు దానివంకే చూశాడు. చివరికి నావంక కూడా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

మరుసటి ఆదివారం అదే. ఆ తర్వాతి ఆదివారమూ అదే. నేను అరవడం, అతను కదలకపోవడం. నా మీద కోపమా? పంతమా? నేను పనికిరానిదాన్నని లోకానికి చూపించి కొత్తది కొనుక్కునే ఎత్తా? నాకు రాత్రింబవళ్ళు ఇదే ఆలోచన. ఇంటికి వెళ్ళాక అతను నన్ను చేత్తో తిప్పి పరీక్షించేవాడు. నాలుక ఆడటం కళ్ళతో చూసేవాడు, వేళ్ళకు తగలడం తెలిసేది, తృప్తిగా తల ఊపేవాడు. "ఇంట్ల మంచిగనే పాడుతది, చెరువు కాడ మూగనోము పడ్తది" అని అనసూర్యతో అనేవాడు. నేను మూగనోము పట్టానట! మండిపోయింది నాకు.

అతనికీ అనుమానాలు మొదలయ్యాయి. ఎవడో చాటుగా వచ్చి నాలుక ఎత్తిపెడుతున్నాడని తీర్మానించాడు. నా వెనక బిళ్ళకు మూడు స్క్రూలు. వాటి తలల మీది గాళ్ళు మూడూ నన్ను కర్రకు బిగించే కాడ వైపే చూసేలా తిప్పి బిగించాడు. ఎవరైనా విప్పి మళ్ళీ బిగిస్తే గాడి పక్కకు పోతుంది, దొంగ దొరికిపోతాడు. రోజూ పొద్దున లేవగానే దేవుడి పటం కన్నా ముందు నా స్క్రూలు చూసేవాడు. కుక్కరు మీద కూడా అనుమానమే. "నీ కుక్కరు కూతలేస్తలేదు, పాడైనట్టున్నది" అనేవాడు. అనసూర్య తనే కూతలు లెక్కపెట్టుకుని పొయ్యి ఆపేది. ముప్పై ఏళ్ళుగా షెడ్డు మనుషులతో గట్టిగా మాట్లాడి అలవాటైన ఆవిడకు వింతగా ఏమీ తోచలేదు.

అటువైపు జక్రయ్యకు వేరే అనుమానం పట్టుకుంది. మోకాళ్ళు పోయి అతను చెరువుకు రావడం మానేశాడు. ఎండాకాలం గడిచి వానలు పడ్డా ఒక్క తలకాయ కూడా అతని గడప తొక్కలేదు. ఒకనాడు మా వరండాలోకి వచ్చి అనసూర్యను అడిగాడు.

"చెల్లె, ఈ నడుమ నా తలకాయ వస్తలేదేంది? మావోడు ఇంకెవరికన్న ఇస్తున్నడా?"

"అన్నా, చేపనే ఇంటికి వస్తలేదు. తలకాయ యాడికెళ్ళి వస్తది?"

అతను నమ్మలేదు. ఆ మాట విని అతను కన్నురెప్ప వాల్చిన తీరులోనే నాకు తెలిసింది. ఇన్నేళ్ళు ఇచ్చి ఇచ్చి బావకు తలకాయ మీద ఆశ పుట్టిందని అతని లెక్క.

అందుకే ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా, కర్ర పోటేసుకుంటూ, పంపుహౌసు గోడ చాటుకు చేరాడు. సారంగపాణి చూడలేదు, నేను చూశాను. స్నేహితుణ్ణి దొంగతనంగా కనిపెట్టడానికి వచ్చిన మనిషి ఎంత వంగి నిలబడతాడో అంతా వంగి ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే బొచ్చె పడింది. నేను కిర్రుమన్నాను. సారంగపాణి నాకు రెండడుగుల దూరంలో కూర్చుని నీళ్ళవైపు చూడకుండా, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు. ఒడ్డున ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. అతను టీ ఊదుకుంటున్నాడు. నా దారం అయిపోయేదాకా పాడాను. అతను టీ తాగి గ్లాసు కడిగాడు.

గోడ చాటున జక్రయ్య నెమ్మదిగా కిందికి జారి నేలమీద కూర్చున్నాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ తలకాయ పోయిందని బాధ కాబోలనుకున్నాను. నా బుద్ధి అప్పటికి అంతే.

రెండు రోజుల తర్వాత, సారంగపాణి పింఛను కాగితాల పనిమీద మూడు రోజులకని ఊరెళ్ళినప్పుడు జక్రయ్య వచ్చాడు. వరండాలో మేకుకు వేలాడుతున్న నా సంచి దించాడు. "జర నూనె పెట్టి తెస్త చెల్లె, బావతోని చెప్పకు" అన్నాడు. ఆమె సరేనంది. దొంగ దొరికాడనుకున్నాను. పుట్టించినవాడే ఎత్తుకుపోతున్నాడు, ఇంక ఎవరిని నమ్మాలి?

ఇంట్లో కిటికీ పక్కన బల్లకున్న ఇనప పట్టులో నన్ను బిగించి మూడు స్క్రూలు విప్పాడు. నా నాలుక బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తర్వాత తనలో తనే మాట్లాడుకున్నాడు.

"ఇరవై తొమ్మిదేండ్లు బాయిలర్ల దూరి సుత్తె కొట్టినవ్ బావా. ఇంక చెవులెట్ల మిగుల్తయ్? నేను పిచ్చోన్ని, తలకాయ కోసం నిన్ను అనుమానించిన."

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను అరిచింది వినబడని మనిషి దగ్గర. పంతమూ లేదు, ఎత్తూ లేదు. సన్నటి చప్పుళ్ళు ముందుగా పోతాయట. నా కిర్రు పోయింది, కుక్కరు కూత పోయింది, మనిషి గొంతు ఇంకా మిగిలింది. ఆ సంగతి అతనికే తెలియదు. నాది ఇత్తడి ఒళ్ళు కాకపోతే సిగ్గుతో ఎర్రబడి ఉండేది.

జక్రయ్య మూడు మధ్యాహ్నాలు కష్టపడ్డాడు. పాత గోడగడియారం స్ప్రింగు ముక్క విరిచి మందమైన స్ప్రింగు చేశాడు. వెడల్పాటి నాలుక కొత్తది అరగదీశాడు. అవి బిగించి తిప్పితే నా గొంతు మారిపోయింది. కిర్రు పోయి టకటకమని, తలుపు మీద వేళ్ళతో కొట్టినట్టు బరువుగా వచ్చింది. జక్రయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. "ఇది ఇనపడ్తది" అన్నాడు. పాత నాలుకను, పాత స్ప్రింగును కాగితంలో మడిచి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. నన్ను తెచ్చి అదే మేకుకు తగిలించాడు. అనసూర్య తప్ప ఎవరూ చూడలేదు.

కానీ స్క్రూ గాళ్ళ సంగతి అతనికేం తెలుసు? రెండు గాళ్ళు కాడవైపు చూస్తున్నాయి, మూడోది పక్కకు తిరిగింది. మరునాడు పొద్దున్నే సారంగపాణి చూశాడు. ముఖంలో రక్తం లేదు. బిళ్ళ విప్పి పరాయి నాలుకను, పరాయి స్ప్రింగును చూశాడు. ఒక్కసారి తిప్పి ఉంటే సరిపోయేది. తిప్పలేదు. అలాగే మూసేసి అనసూర్యను పిలిచాడు. ఆవిడ అబద్ధం ఆడలేక, నిజం చెప్పలేక, "జక్రయ్యన్న నూనె పెడ్తనన్నడు" అంది.

ఆదివారం జక్రయ్య తనే చెరువుకు వచ్చాడు, మోకాళ్ళ నొప్పి లెక్కచేయకుండా. కొత్త చప్పుడు చెరువు ఒడ్డున ఎలా పలుకుతుందో చూసుకోవాలని వచ్చాడు. వస్తూనే అతనికి దక్కిన పలకరింపు ఇది:

"జక్రయ్య గారూ, నా రీలు ఎందుకు ఇప్పిన్రు మీరు?"

గారూ అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా బావా అన్న నోటితో మీరు అన్నాడు. బూతు తిట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. ఒడ్డు మీద ఉన్నవాళ్ళంతా పిండి పిసకడం ఆపేశారు.

"బావా, జర పక్కకు రా, చెప్త."

"ఆఁ?"

"పక్కకు రమ్మంటున్న."

"ఏది చెప్పినా ఇక్కడ్నే చెప్పున్రి. గట్టిగ చెప్పున్రి, అందరు ఇంటరు. తలకాయ ఇస్తలేనని నా రీలు పాడుజేసిన్రా?"

జక్రయ్య నోరు తెరిచాడు. నేను చూస్తూనే ఉన్నాను, మాట గొంతుదాకా వచ్చింది. చెవుడు వచ్చిన మనిషికి రహస్యం చెప్పాలంటే అరవాలి. అరిస్తే ఆరుగురు వింటారు. సాయంత్రానికి కాలనీ అంతా వింటుంది, చైనా రీళ్ళ కుర్రాళ్ళు రేపటినుంచి సైగలు చేసి నవ్వుతారు. జక్రయ్య నోరు మూసుకున్నాడు. జేబులోంచి కాగితం మడత తీసి, పాత నాలుకా స్ప్రింగూ సారంగపాణి అరచేతిలో పెట్టి, వెనక్కి తిరిగి కర్ర పోటేసుకుంటూ వెళ్ళిపోయాడు. జేబులోంచే వస్తువు బయటపడ్డాక ఇంకేం సాక్ష్యం కావాలి? దొంగ ఒప్పుకున్నట్టే అయింది.

సారంగపాణి అక్కడే పాత నాలుక తగిలించి, జక్రయ్య చేసిన దాన్ని సీసపు గుండ్లుండే రేకు డబ్బాలో పడేశాడు. నా పాత కిర్రు నాకు తిరిగొచ్చింది. అంత అసహ్యమైన గొంతు మరొకటి లేదనిపించింది నాకు.

రెండు నెలలు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు. సారంగపాణి ఆదివారాలు చెరువుకు వెళ్ళేవాడు గాని ఫ్లాస్కు తీసుకెళ్ళడం మానేశాడు. ఇంట్లో ఒకసారి అన్నం ముందు కూర్చుని, "వాడు లేకపోతె చేపెందుకు నాకు" అని, అన్నందుకు తన మీద తనే కోపం తెచ్చుకుని లేచిపోయాడు. అనసూర్య నిజం అడుగుదామని జక్రయ్య ఇంటికి రెండుసార్లు వెళ్ళింది. అతను చెప్పలేదు.

ఇప్పుడు అందరిమీదా అనుమానమే గనక సారంగపాణి నన్ను పంగల పుల్ల మీద వదలడం మానేశాడు. కర్రను ఒడిలో పెట్టుకుని, అరచేతితో నన్ను కప్పి, కాపలా కాస్తున్నట్టు కూర్చునేవాడు. చూడండి, అతన్ని కాపాడింది చివరికి ఆ అనుమానమే.

ఆ ఆదివారం ఆకాశం మబ్బుగా ఉంది. ఎర పట్టింది మామూలు చేప కాదు. చక్రం గిర్రున తిరిగింది. అంచు మీద వేలుంది కాబట్టి అతనికి తెలిసింది. వేలికింద నా నాలుక పళ్ళమీద పరుగెత్తడం తెలిసింది. తలెత్తి చూశాడు. కుడివైపు ముగ్గురు, ఎడమవైపు ఇద్దరు, అందరూ పిండి వదిలేసి నావైపే చూస్తున్నారు. అతను వాళ్ళ ముఖాలు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ వాళ్ళను చూశాడు. చేప ఇంకా పరుగెత్తుతూనే ఉంది. వాళ్ళు ఏదో వింటున్నారు. అతను వినడం లేదు.

చేపను మాత్రం వదల్లేదు. బొటనవేలు చర్మం కాలేదాకా ఆపి, వదిలి, ఆపి, అరగంటకు ఒడ్డుకు తెచ్చాడు. పన్నెండు కిలోల బొచ్చె. దాన్ని చూడకుండానే పక్కనున్న యాకూబు దగ్గరికి వెళ్ళాడు. యాకూబు ఆటో తోలతాడు, చైనా రీలు అతనిది.

"యాకూబూ, ఇది ఇందాక సప్పుడు చేసిందా?"

"సప్పుడా? చెరువంత మొత్తుకున్నది గదన్నా."

"అంతకుముందు గూడ?"

"ప్రతి వారం. నువ్వు ఇంటలేవా?" అని యాకూబు తమాషాగా నవ్వి, అతని ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "మేం ఏమనుకున్నమంటే, నువ్వు పాత కాలపోనివి, చేపను కావాలనే ఉరకనిస్తున్నవ్, ఏదో కిటుకు ఉంటదని. మేం గూడ నెల రోజులు అట్లనే రీలు మొత్తుకుంటుంటె దిక్కులు చూసినం. ఒక్కటి పడలే."

వేరే రోజైతే నేను పగలబడి నవ్వేదాన్ని. ఒక చెవిటి మనిషిని చూసి ఐదుగురు చెవులున్నవాళ్ళు నెలపాటు చేపలు పోగొట్టుకున్నారు. కట్టుబాటు కాబట్టి ఒక్కడూ నోరెత్తలేదు, కిటుకు కాబట్టి ఒక్కడూ అడగలేదు.

సారంగపాణి వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. సీసపు గుండ్ల డబ్బా తెరిచి, అడుగునుంచి జక్రయ్య చేసిన నాలుకను ఏరాడు. స్క్రూలు విప్పి దాన్ని, ఆ గడియారపు స్ప్రింగును తగిలించాడు. గాళ్ళు ఎటు చూస్తున్నాయో పట్టించుకోలేదు. తిప్పాడు. నేను టకటకమన్నాను.

అతనికి వినిపించింది. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారి. తర్వాత నన్ను గుండెకు హత్తుకుని, అందరూ చూస్తున్నారని కూడా లేకుండా, పెద్దగా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి జక్రయ్య ఇంటి ముందున్నాం. భుజాన గాలం కర్ర, కర్రకు నేను, చేతిలో మోదుగాకుల్లో చుట్టిన బొచ్చె తలకాయ. గాలపు ముల్లు కోసేశాడు గాని దారం చివరన సీసపు గుండు అలాగే ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. సారంగపాణి తట్టాడు.

"తలుపు తీసే ఉన్నది, లోపలికి రా బావా" అన్నాడు జక్రయ్య లోపలినుంచి. తట్టిన తీరు గుర్తుపట్టాడు. కానీ ముసలి గొంతు, సన్నగా వచ్చింది. నాకు వినిపించింది. వినిపించాల్సినవాడికి వినిపించలేదు.

సారంగపాణి మళ్ళీ తట్టాడు. "రా బావా, మోకాళ్ళు లేస్తలేవు" అన్నాడు జక్రయ్య. సారంగపాణి నిలబడ్డాడు, నిలబడ్డాడు, ముఖం మాడిపోయింది. తీయడని అనుకున్నాడు. తీయకపోవడమే న్యాయమని కూడా అనుకున్నాడని ఆ భుజాలు వాలడం చూసి నాకు తెలిసింది. వంగి తలకాయను గడప మీద పెట్టాడు. ఆ వంగడంలో సీసపు గుండు జారి నేలమీద పడింది. అతను చూసుకోలేదు. తిరిగి నడిచాడు. గుండు వెనకాల మట్టిలో ఈడ్చుకుంటూ వచ్చింది.

తలుపు తెరుచుకుంది. జక్రయ్య గోడ పట్టుకుని నిలబడి, "బావా! ఓ బావా!" అని అరిచాడు. వీపు వెనకనుంచి పిలుపు, ఎదురుగా రోడ్డు మీద లారీ. సారంగపాణి ఆగలేదు. జక్రయ్య కళ్ళు నేలమీద జారిపోతున్న గుండు మీద పడ్డాయి. వంగే మోకాళ్ళు కావవి. ఒక్క అడుగు ముందుకు వేసి చెప్పుకాలితో దాన్ని తొక్కిపట్టాడు.

దారం బిగిసింది. సారంగపాణి నడుస్తున్నాడు, నేను తిరిగాను. టక టక టక టక.

అతను ఆగాడు. అలవాటైన చెయ్యి దానంతట అదే కర్రను ఎత్తి బొటనవేలు నా అంచు మీద వేసింది. దారం చివర బరువు తెలిసింది. మెల్లగా తిరిగి చూశాడు.

"పెద్దదే పడ్డది బావా," అన్నాడు జక్రయ్య, కాలు తీయకుండా. "జాగర్తగ గుంజు, దారం పాతది."

సారంగపాణి దారం చుట్టుకుంటూ వచ్చాడు. ఒక్కొక్క అడుగు, ఒక్కొక్క చుట్టు. దగ్గరికి వచ్చి అడిగాడు.

"నాకెందుకు చెప్పలే బావా?"

జక్రయ్య అతని చెవి దగ్గరికి నోరు తెచ్చాడు. "అందరి ముంగట అరిచి చెప్పాల్నా?"

ఆ తలకాయను ఆనాడు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. నేనింకా ఇంజన్ల చెరువు మీదే ఉన్నాను. తుక్కులోకి పోయే వయసు నాకూ వచ్చింది, ఇరుసు కొంచెం అరిగింది, అంచు మీద బొటనవేలు ఆనే చోట ఇత్తడి పల్చబడి మెరుస్తోంది. యాకూబు ఆటోలో ఇద్దర్నీ దింపుతాడు. జక్రయ్యకు ఒక కుర్చీ వేస్తారు. స్క్రూ గాళ్ళు ఇప్పుడు మూడూ మూడు దిక్కులు చూస్తుంటాయి, ఎవరూ సరిచేయరు. ఒడ్డు మీది కట్టుబాటు మాత్రం మారలేదు.

మొన్న ఆదివారం బంగారుతీగ ఒకటి ఎర పట్టింది. నేను టకటకమన్నాను. కొంచెం దూరంలో పిండి పిసుకుతున్న సారంగపాణి గభాలున తిరిగాడు. నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో కూర్చున్న జక్రయ్య నీళ్ళవంకే చూస్తున్నాడు. తల తిప్పలేదు.

నాకు అనుమానం వచ్చింది. సారంగపాణికీ వచ్చింది. దారం పోతూనే ఉంది, అతను పరుగెత్తలేదు. ఒడ్డున ఐదుగురున్నారు, చెబితే అందరూ వింటారు. వచ్చి జక్రయ్య పక్కన చతికిలబడి, ఏమీ అనకుండా, అతని చూపుడువేలు పట్టుకుని తెచ్చి నా అంచు మీద పెట్టాడు.